మా అమ్మ పురిటి లెక్కలు

మా ఇళ్ళలో బిడ్డ పుట్టకముందు బిడ్డ కోసమని ఏదీ కొనేవారు కాదు. చొక్కా కొనకూడదు, ఉయ్యాల కొనకూడదు, చివరికి ఒక గిలక్కాయ కూడా గడప దాటి లోపలికి రాకూడదు. ఎందుకని అడిగితే "ఆనవాయితీ" అనేవారు. ఇంకా గుచ్చి అడిగితే కళ్ళెర్ర చేసేవారు. కాన్పు అంటే తల్లీబిడ్డా క్షేమంగా బయటపడతారన్న భరోసా లేని రోజుల్లో పుట్టిన ఆనవాయితీ అయి ఉంటుందని నా ఊహ. ఆశపడి కొన్న బట్టలు వాడేవాళ్ళు లేక పెట్టెలో మిగిలిపోతే ఆ ఇల్లు తట్టుకోలేదు. అలా భయంలోంచి వచ్చిన నియమాన్ని మా అమ్మ మాత్రం పొదుపుకి వాడుకుంది. వచ్చే చుట్టాలు, పక్కింటివాళ్ళు "ఇంకా ఏమీ కొనలేదా?" అని అడగరు కదా. అడిగినా "పుట్టనీండి, చూద్దాం" అంటే సరిపోయేది. ఏమీ లేని ఇంటికి, ఉండి దాచుకున్న ఇంటికి తేడా తెలియనివ్వని గొప్ప మాట అది.

మాది తెనాలి. నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. నా తర్వాత పెళ్ళి కావలసిన చెల్లెలు ఉంది. మా ఆయనకు విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తా ఉద్యోగం, జీతం 1,400. తొలి కాన్పు పుట్టింటివారి బాధ్యత కాబట్టి 1992లో నేను కడుపుతో తెనాలి చేరేసరికి ఆ ఖర్చంతా నాన్న పింఛను మీద పడవలసిందే. కానీ అమ్మ ముఖంలో కంగారు కనిపించలేదు. తర్వాత తెలిసింది, నా పెళ్ళయిన నెలలోనే ఆవిడ మా వీధి పిన్నిగారి దగ్గర చీటీ కట్టడం మొదలుపెట్టిందని. "పెళ్ళయిన ఇంట్లో ఏడాదో ఏడాదిన్నరో తిరిగేసరికి పురుడు వస్తుంది. వచ్చాక వెతుక్కుంటే వడ్డీకి తేవాలి" అని ఆవిడ లెక్క.

ఆ చీటీ సంగతి కాస్త చెప్పాలి, ఇప్పటి పిల్లలకు తెలియదు. 20 మంది, మనిషికి నెలకు 100 రూపాయలు, మొత్తం 2,000, 20 నెలలు. మొదటి నెల చీటీ నడిపే పిన్నిగారిదే, దానికి పాట ఉండదు. రెండో నెల నుంచి పాట. ఎవరికి అవసరమో వాళ్ళు తగ్గించి పాడుతారు. ఒకావిడ 1,600కి పాడుకుంటే మిగిలిన 400 అందరికీ పంచుతారు, అంటే ఆ నెల మనిషికి 20 రూపాయలు తగ్గి 80 కడితే చాలు. తొందరపడ్డవాళ్ళకు నష్టం, ఆగగలిగినవాళ్ళకు లాభం. పెళ్ళిళ్ళ నెలల్లో, బడులు తెరిచే నెలలో పాట మరీ కిందికి పోతుంది, ఎందుకంటే అందరికీ డబ్బు కావాలి. మా అమ్మ పంచాంగం చూసి మరీ భాద్రపదం వరకు ఆగింది. శూన్యమాసం, పెళ్ళిళ్ళు ఉండవు, పైగా అప్పటికి చీటీలో పాడనివాళ్ళు నలుగురే మిగిలారు. ఆ మధ్యాహ్నం పిన్నిగారి అరుగు మీద పాటకు ఎదురుపాట లేకుండా 1,850కి దక్కించుకుని వచ్చింది. అది నాకు ఏడో నెల. పంచాంగాన్ని ముహూర్తాలకే కాదు, వడ్డీ లెక్కకు కూడా వాడవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఆ డబ్బు, నాన్న విడిగా ఇచ్చిన డబ్బు కలిపి మూడు కవర్లలో పెట్టింది. కవర్లు కూడా కొన్నవి కావు, ఇంటికి వచ్చిన పాత శుభలేఖలవి. పసుపు అంచుల ఒక కవరు మామూలు కాన్పుకి. ఇంకొకటి పురిటి స్నానం, బాలసార ఖర్చులకి. మూడోది, అన్నిటికన్నా లావుగా ఉన్నది, ఆపరేషను చేయవలసి వస్తే. అందులో 2,000. ఆ మాట పైకి అనకూడదు కాబట్టి ఆ కవరుకి పేరు లేదు. "అది" అనేది, అంతే. మూడు కవర్లూ ట్రంకు పెట్టెలో అడుగున, తన పెళ్ళి పట్టుచీర మడతల్లో ఉండేవి. ఒక కవరులో తక్కువైతే మరో కవరులోంచి తీయడం మాత్రం ఆవిడ దృష్టిలో దొంగతనంతో సమానం.

ఇక గుడ్డల పని. పసిపిల్లకు పొత్తిగుడ్డలు కావాలి, రోజుకు ఎన్ని అన్న లెక్క ఉండదు. వాటికి కొత్త బట్ట పనికిరాదని అమ్మ తీర్మానం. కొత్త బట్టలో గంజి ఉంటుంది, ఒరుసుకుంటుంది, తడి పీల్చదు. ఎన్నో ఏళ్ళు ఉతికి ఉతికి నలిగిన గ్లాస్కో పంచెకు సాటి లేదు. నాన్న పాత పంచెలన్నీ తీసింది. చాలవని మా పెదనాన్నగారివి, వెనకింటి కరణంగారివి అడిగి తెచ్చింది. అడగడానికి ఎవరూ సిగ్గుపడేవారు కాదు, ఇచ్చేవారూ చిన్నచూపు చూసేవారు కాదు. నిండు నూరేళ్ళు బతికే పెద్దవాళ్ళు కట్టిన బట్ట పసిబిడ్డకు తగిలితే మంచిదని ఒక నమ్మకం కూడా ఉంది. అందుకని కరణంగారు తన పంచెలు ఇస్తూ గర్వపడ్డారు.

వాటిని నీళ్ళ కాగులో చాకలి సోడా వేసి ఉడకబెట్టింది. ఆరాక ఒక్కొక్క పంచెనూ తీసి, కళ్ళు మూసుకుని, కనురెప్ప మీద మెల్లగా రాసుకుని చూసేది. గరుకు తగిలితే పక్కన పడేసేది, అవి నేల తుడిచే గుడ్డలు. తగలకపోతే అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో లాగేది. పర్రుమని పోగు వెంట తిన్నగా చిరిగిపోయేది. కత్తిరిస్తే వంకర వస్తుంది, చింపితే రాదు. జరీ అంచు గీసుకుంటుందని తీసేసి ఆ పట్టీలను కూడా చుట్ట చుట్టి దాచింది. ఆ పట్టీలు తర్వాత దోమతెర కట్టుకోవడానికి తాళ్ళయ్యాయి.

బొంతలకు అమ్మమ్మ నేత చీరలు వచ్చాయి. నాలుగు చీరల మడతలు పరిచి, దబ్బనంతో కుట్టే ముసలావిడ ఒకరు మా వీధిలో ఉండేది. మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, ఊళ్ళో సంగతులన్నీ చెబుతూ కుట్టేది. కూలి దగ్గర అమ్మ బేరం ఆడలేదు. కూరగాయల బండి దగ్గర పావలాకు పోట్లాడే మనిషి, ఆవిడ అడిగింది అడిగినట్టే ఇచ్చి పైన భోజనం పెట్టింది. "పురిటి పనికి వచ్చినవాళ్ళ కడుపు కొట్టకూడదు" అంది. బొంత కింద వేయడానికి మందుల షాపులో మీటరు రబ్బరు షీటు మాత్రం కొన్నారు. అది కూడా నేను ప్రసవించాక నాన్న సైకిలు మీద వెళ్ళి తెచ్చారు. పుట్టకముందు కొనడానికి లేదు కదా!

ఉయ్యాల రేపల్లె నుంచి వచ్చింది. మా పెద్దమ్మ ఇంట్లో ఉండే టేకు ఉయ్యాల అది. పెద్దమ్మ ఇంట్లో ఉంటుందన్న మాటే గానీ అక్కడ ఉన్న రోజులు తక్కువ. ఎవరింట్లో పురుడైతే అక్కడికి వెళ్ళి, ఆ పిల్లో పిల్లాడో పాకడం మొదలుపెట్టాక ఇంకో ఇంటికి బయలుదేరేది. దాన్ని తీసుకురావడానికి నాన్న, మా బాబాయి రేపల్లె ప్యాసింజరులో వెళ్ళారు. విప్పి కట్టలు కట్టి తెచ్చారు. గొలుసులు ఒక సంచిలో, బద్దలు ఒక చాపలో. వాటిలో ఒక మర కనిపించక వడ్రంగి చేత కొత్తది వేయించవలసి వచ్చింది. ఉయ్యాల తీసుకున్నవాళ్ళు తిరిగి పంపేటప్పుడు ఒక్క బాగుచేయింపు చేయించి పంపాలన్నది మా చుట్టాల్లో రాయని ఒప్పందం. మా వంతుకు ఆ మర వచ్చింది. మా ముందువాళ్ళ వంతుకు ఒక కాలు వచ్చిందట, వాళ్ళు చాలాకాలం ఆ సంగతి చెప్పుకున్నారు.

ఇన్నిట్లో పిసినారితనం చూపించిన అమ్మ నా తిండి దగ్గర చెయ్యి కట్టుకోలేదు. పాలు పూటకు అదనంగా పోయించింది, అదీ గేదె దగ్గర నిలబడి పిండించుకుని వచ్చేది. ముందటి ఏడు బియ్యం ఒక బస్తా నా పథ్యానికని విడిగా ఉంచింది, కొత్త బియ్యం బాలింతకు అరగదని. కాన్పయ్యాక శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి తాటిబెల్లం, నెయ్యి వేసి కాయం చేసింది. రోజూ పొద్దున్నే ఉసిరికాయంత ముద్ద నోట్లో పెట్టేది. ఘాటుకి కళ్ళవెంట నీళ్ళు వచ్చేవి. వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, బీరకాయ కూర, వాటి మీద నెయ్యి. చెల్లెలు నా కంచం చూసి "నేనూ కనేస్తాను" అని తిట్లు తింది.

డాక్టరమ్మ విషయంలోనూ అంతే. నమ్మకమున్న చోటే కాన్పు జరగాలి, ఖర్చు తర్వాత సంగతి. డబ్బు కవర్లకన్నా ముందు అమ్మ మా నాన్న చేత చేయించిన పని నా గ్రూపు రక్తం ఉన్న చుట్టాలిద్దరిని వెతికి పెట్టడం. వాళ్ళకు నా నెలలు దగ్గర పడేసరికి ఊరు దాటవద్దని వర్తమానం వెళ్ళింది. అయితే ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్లు, ఐరన్ మాత్రలు మాత్రం ప్రభుత్వ ఆస్పత్రిలోనే. "ఊరికే ఇచ్చేదాన్ని డబ్బు పెట్టి ఎందుకు కొనాలి? మందు ఒకటే కదా" అనేది. పాప పుట్టాక బీసీజీ, పోలియో చుక్కలు, ట్రిపుల్, తట్టు టీకా అన్నీ అక్కడే వేయించాం. గురువారమో బుధవారమో, ఏదో ఒక వారం మాత్రమే వేసేవారు. వరసలో నిలబడే ఓపిక ఉంటే చాలు, కార్డు మీద తేదీ రాసి ఇచ్చేవారు. ఎక్కడ డబ్బు పెడితే నాణ్యత వస్తుందో, ఎక్కడ పెడితే కుర్చీ మాత్రమే వస్తుందో అమ్మకు బాగా తెలుసు.

నవంబరులో పాప పుట్టింది. మామూలు కాన్పు. తెనాలిలో నవంబరు అంటే తెలిసిందే, తుపాను వానలు. ఎండ పొడ లేదు. ఉతికిన పొత్తిగుడ్డలు ఆరవు, పిల్ల తడపడం ఆపదు. అప్పుడు అమ్మ కుంపటిలో బొగ్గులు రాజేసి, దాని మీద వెదురు గంప బోర్లించి, గంప నిండా తడి గుడ్డలు పరిచేది. నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి. కాసేపటికి ఒక వైపు ఆరితే తిరగేసేది. గుడ్డలు ఆరేవి, దోమలు పోయేవి, ఇల్లంతా సాంబ్రాణి వాసన. ఆరిన గుడ్డను వెంటనే పిల్లకు వేయకుండా తన చేతికి చుట్టుకుని వేడి చూసుకుని మరీ వేసేది. వానాకాలం పురుడు కాబట్టి ఇంకో పది పంచెలు చింపాల్సింది అని గొణుక్కునేది.

నాకు మొదట్లో పాలు సరిగా పడలేదు. చూడటానికి వచ్చినవాళ్ళంతా డబ్బా పాలు పట్టమన్నారు. బొద్దుగా ఉన్న పిల్లాడి బొమ్మ ఉన్న డబ్బాలు ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్ళలో ఒక హోదా. అమ్మ లెక్క వేసింది: డబ్బా ఎన్నాళ్ళు వస్తుంది, నెలకు ఎన్ని కావాలి, నాన్న పింఛనులో అది ఎంత. తర్వాత లెక్క పక్కన పెట్టి, "నీ కంచంలో పెడితే దాని నోట్లోకి వెళుతుంది. డబ్బాలో పోస్తే కంపెనీకి వెళుతుంది" అంది. మెంతులు, వెల్లుల్లి, బొప్పాయికూర, ఇంకా ఏమేమో తినిపించింది. వాటివల్లనో, ఊరికే పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చోబెట్టడం వల్లనో పాలు పడ్డాయి. పాలడబ్బాల ప్రకటనలను నిషేధిస్తూ కేంద్రం చట్టం చేసింది కూడా ఆ 1992లోనే. ఆ సంగతి మాకెవరికీ తెలియదు గానీ మా ఇంట్లో ఆ చట్టం అప్పటికే అమల్లో ఉంది.

అమ్మ చేసినవన్నీ మంచివే అనను. పాపకు వసకొమ్ము అరగదీసి నాకించారు. చెవుల్లో, ముక్కులో ఆముదం చుక్కలు వేశారు. కళ్ళకు కాటుక పెట్టారు. ఇవేవీ వద్దని, మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టవద్దని ఇప్పుడు డాక్టర్లు గట్టిగా చెబుతారు, వాళ్ళ మాటే వినాలి. ఖర్చు లేని పని అయినంత మాత్రాన మంచి పని అయిపోదు.

బాలసార నాటికి అసలు వసూళ్ళు. ఎవరైనా "పిల్లకు ఏమి తెమ్మంటారు?" అని అడిగితే అమ్మ మొహమాటం లేకుండా "ఏడాది పిల్లకు పట్టే గౌను తెండి" అనేది. అడగనివాళ్ళంతా నెల పిల్ల గౌన్లే తెస్తారని ఆవిడకు తెలుసు. అలాగే తెచ్చారు. పౌడరు, సబ్బు, నూనె ఉన్న అట్టపెట్టెలు చాలా వచ్చాయి. రెండు ఉంచుకుని మిగతావి అలాగే భద్రం చేసింది. ఎవరు ఏ పెట్టె ఇచ్చారో వెనకాల పెన్సిలుతో చిన్నగా రాసుకుంది, ఇచ్చినవాళ్ళ చేతికే తిరిగి వెళ్ళకూడదు కదా. ఆ పెట్టెలు మరో రెండేళ్ళపాటు తెనాలి బాలసారలన్నిటికీ వెళ్ళివచ్చాయి. ఉగ్గుగిన్నె కొనలేదు, నాకు ఉగ్గు పెట్టినదే చింతపండుతో తోమి మెరిపించింది. నూట పదహార్లు చదివించినవాళ్ళ పేర్లు ఒక నోటుపుస్తకంలో ఉన్నాయి. అది జమ కాదు, అప్పు. వాళ్ళింట్లో శుభకార్యానికి తిరిగి చదివించాలి.

ఇక మూడో కవరు. ఆపరేషను అవసరం పడలేదు కాబట్టి 2,000 అలాగే ఉంది. మా మామగారు దానికి ఇంకొంత వేసి పిల్లకు గొలుసు చేయిస్తే బాగుంటుందన్నారు. అమ్మ ఎదురు చెప్పలేదు. "అలాగే అన్నయ్యగారూ" అని, డిసెంబరులో నాన్నను పోస్టాఫీసుకు పంపి పిల్ల పేరున కిసాన్ వికాస పత్రాలు కొనిపించింది. 1988లో వచ్చిన పథకం అది, అప్పట్లో అయిదారేళ్ళలో డబ్బు రెట్టింపు. 1998 జూను, బడులు తెరిచే నెల నాటికి 4,000 చేతికొచ్చాయి. పాప ఒకటో తరగతి ఫీజు, పుస్తకాలు, యూనిఫారం అందులోనే. ఇప్పటి బంగారం ధర చూసి గొలుసే మేలు కదా అనేవాళ్ళున్నారు. కానీ ఆ తొంభైల్లో బంగారం పెద్దగా కదలలేదు. పైగా మా మామగారింట్లో ఒకసారి చేయించిన గొలుసును అమ్మి ఫీజు కట్టే ధైర్యం ఎవరికుంది?

ఆ పాప 2023లో హైదరాబాదులో తల్లయింది. నెలలు నిండకముందే దాని ఫోనులో ఒక జాబితా తయారైంది. తోపుడుబండి, సీసాలు ఆవిరి పట్టే యంత్రం, స్నానపు తొట్టి, బిడ్డ ఏడిస్తే పక్కగదిలో వినిపించే పరికరం. రెండు గదుల ఫ్లాటులో బిడ్డ ఏడిస్తే పై అంతస్తుకు కూడా వినిపిస్తుంది, యంత్రం ఎందుకో నాకు అర్థం కాలేదు. పుట్టకముందు కొనకూడదన్న నియమం ఇప్పుడు ఎవరికీ పట్టదు. పట్టాలని కూడా నేను అనను, భయానికి కారణం తగ్గితే ఆనవాయితీ సడలడం మంచిదే. అయితే కొనడానికి ఇన్ని నెలల వ్యవధి దొరికాక చేతులు ఊరుకోవు.

వాళ్ళింట్లో పనిచేసే అమ్మాయి లెక్క ఇంకో రకం. 2018లో సర్కారు దవాఖానాలో కాన్పు అయింది. ముందటేడు మొదలైన కేసీఆర్ కిట్ పథకం కింద ఆడపిల్ల కాబట్టి 13,000, మగపిల్లాడైతే 12,000, నాలుగు విడతల్లో ఇచ్చేవారు. పైన ఒక పెట్టె, అందులో చీరలు, సబ్బులు, దోమతెర ఉన్న చిన్న పరుపు. ఆ దోమతెర పరుపు ఇంకా దాచి ఉంచానని, కావాలంటే తెస్తానని మా అమ్మాయికి తనంతట తానే చెప్పింది. తెచ్చింది కూడా. జాబితాలో ఒక వస్తువు అలా కొట్టేశాం.

పొత్తిగుడ్డల మీద మాత్రం నేను పట్టుబట్టాను. మా ఆయన పాత పంచెలు ఒక సంచిలో తీసుకెళ్ళాను. పగలు గుడ్డలు, రాత్రి డైపరు అని ఒప్పందం కుదిరింది. అల్లుడుగారు మొదట నవ్వారు, మొదటి నెల డైపర్ల ఖర్చు సగానికి తగ్గాక గుడ్డలు మడతపెట్టడం నేర్చుకున్నారు.

మంచం విషయంలో నా ప్రమేయం లేదు. మా అమ్మాయి తన అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో అడిగి, ఏడో అంతస్తువాళ్ళ పిల్లాడు ఎదిగిపోయాక ఖాళీగా ఉన్న చెక్క మంచం 3,000కి కొన్నది. కొత్తది దానికి మూడు రెట్లు ఉంది. తన పిల్లవాడు నిలబడి కటకటాలు ఎక్కడం మొదలుపెట్టగానే అదే గ్రూపులో పెట్టి, రెండో అంతస్తులో నిండు నెలల్లో ఉన్న అమ్మాయికి 2,900కి అమ్మేసింది. మా అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది గానీ లెక్క తగ్గలేదు. ఈ సంగతి ఫోనులో గట్టిగా రెండుసార్లు చెప్పించుకుని మనవరాలిని మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఏడాది వాడుకుని వందే పోగొట్టిందా? బాగానే ఉంది" అంది. ఒక్క క్షణం ఆగి, "ఆ వంద మాత్రం ఎందుకు తగ్గించింది?" అని అడిగింది.

"ఒక మర పోయిందట అమ్మా" అన్నాను.

"మర వేయించి ఇవ్వాలి గానీ డబ్బు తగ్గిస్తారా ఎవరైనా! దాన్ని నాకు ఫోను చెయ్యమను."